మిస్ బ్రోడీకి అచ్చమైన శిష్యురాలు

ఇటలీ చిత్రకారుల్లో అందరికన్నా గొప్పవాడెవరని టీచరు క్లాసులో అడుగుతుంది. లియోనార్డో డావించీ అంటుంది ఒక పిల్ల. తప్పు, జొట్టో, నాకిష్టమైనవాడు అతనే అని తేల్చేస్తుంది టీచరు. స్కాట్లండ్ రచయిత్రి మ్యూరియెల్ స్పార్క్ 1961లో రాసిన 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ' నవల మొదట్లోనే వచ్చే ఈ ముచ్చటకి నవ్వొస్తుంది. అందులోని ప్రమాదం అర్థమయ్యేసరికి నవల అయిపోవస్తుంది.

కథ 1930లలో ఎడిన్‌బరోలోని ఓ ఆడపిల్లల బడిలో జరుగుతుంది. ఎవరైనా వస్తే చదువుతున్నట్టు కనబడాలని పుస్తకాలు తెరిచి పట్టుకోమంటుంది మిస్ బ్రోడీ. తను మాత్రం యుద్ధంలో పోయిన ప్రియుడు హ్యూ కథ మొదలుపెడుతుంది, మధ్యమధ్యలో ఇటలీ ఫాసిస్టు నియంత ముస్సోలినీని మెచ్చుకుంటుంది. ఆరుగురు పిల్లల్ని ఏరుకుని నాటకాలకీ, ఇంటికి టీకీ తీసుకెళ్తుంది. సిలబస్‌లో దొరకని ప్రపంచాన్ని ఆమె వాళ్లకి చూపించిన మాట నిజం. మన టీచర్స్ డే వ్యాసాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి.

స్పార్క్ సస్పెన్స్ జోలికే పోదు. ఆరుగురిలో మేరీ 23 ఏళ్లకే హోటల్లో మంటల్లో చిక్కుకుని చనిపోతుందని ముందే చెప్పేస్తుంది. టీచర్ని హెడ్మిస్ట్రెస్‌కి పట్టించింది ఆ ఆరుగురిలోనే ఉన్న శాండీ అనీ దాచదు. ఇక మనకు మిగిలేది ఒక్కటే: ఎందుకు పట్టించింది?

నా లెక్కన దానికి జవాబు హ్యూ కథలోనే ఉంది. కొన్నాళ్లకి మిస్ బ్రోడీ ఆ కథ మళ్లీ చెబుతుంది. ఈసారి హ్యూకి బొమ్మలంటే ఇష్టం, పాటలంటే ఇష్టం! అప్పటికి ఆమె మనసు డ్రాయింగ్ టీచరు లాయిడ్ మీదా, సంగీతం టీచరు లౌథర్ మీదా ఉంది. చనిపోయినవాడికి బతికున్నవాళ్ల గుణాలు అంటగట్టిందన్నమాట. శాండీ అది పసిగట్టేస్తుంది. ఆ పనితనానికి ముచ్చటపడుతుంది, ఈమె తప్పు రుజువు చేసి తీరాలనీ అనుకుంటుంది. ఆ రెండూ ఒకేసారి కలగడంలోనే శాండీ మొత్తం ఉంది.

లాయిడ్‌కి ఆ ఆరుగురిలోని రోజ్ ప్రియురాలు కావాలి, శాండీ ఆ కబుర్లు మోసుకురావాలి అన్నది మిస్ బ్రోడీ ప్లాన్. జరిగింది వేరు. అతనితో సంబంధం పెట్టుకున్నది శాండీయే. మిస్ బ్రోడీ మాట విని, అక్కడి అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మద్దతున్న ఫ్రాంకో తరఫున పోరాడటానికి స్పెయిన్‌కి బయల్దేరిన జాయిస్ ఎమిలీ అనే పిల్ల దారిలోనే చనిపోతుంది. అది తెలిశాక, మిస్ బ్రోడీని ప్రేమ వ్యవహారాల్లో పట్టుకోలేరు, రాజకీయాలు చూడండని హెడ్మిస్ట్రెస్ చెవిన వేస్తుంది శాండీ. ప్రపంచ వ్యవహారాల మీద తనకు ఆసక్తి లేదనీ, మిస్ బ్రోడీని ఆపడమే కావాలనీ ఆమే అంటుంది. దీన్ని ఫాసిజం మీద తిరుగుబాటుగా చదివేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. ఒక మనిషి జీవితం ఎటు పోవాలో తనే తేల్చేసి, అందుకు పనికొచ్చే నిజాన్ని మాత్రం ఏరుకోవడం శాండీ ఎవరి దగ్గర నేర్చుకుంది?

మిస్ బ్రోడీకి మూలం స్పార్క్‌కి చదువు చెప్పిన క్రిస్టీనా కే. నువ్వు రచయిత్రివవుతావని స్పార్క్‌తో ముందే చెప్పిన టీచరామె. ఆ శిష్యురాలు నిజంగానే రచయిత్రి అయింది. గురువులో తనకు పనికొచ్చినంత తీసుకుని, మిగతాది కల్పించి, కరుణ లేకుండా నవల రాసింది. శాండీని అంత లోపలినుంచి రాయగలగడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.