సవరణ: బ్రష్ కట్టర్ స్టార్ట్ కానప్పుడు చోక్ వాడే తీరు

టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ (పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే గడ్డి కోత యంత్రం) మొరాయించినప్పుడు ఏం చేయాలో చెబుతూ ఇంతకుముందు రాసినదానిలో "చోక్ మూసి, ఇంజిన్ అందుకునే వరకు తాడు లాగండి" అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలి: చల్లగా ఉన్న ఇంజిన్‌కు చోక్ (లోపలికి వెళ్లే గాలిని తగ్గించే మీట) మూసి తాడు లాగుతున్నప్పుడు, అది ఒక్కసారి టప్‌మని అందుకుని ఆగిపోయిన వెంటనే చోక్ తెరిచి, ఆ తర్వాతే మళ్లీ లాగాలి. ఆ చిన్న చప్పుడును పట్టించుకోకుండా లాగుతూనే పోతే, గాలి చాలక పెట్రోలే ఎక్కువగా సిలిండర్‌లోకి చేరి, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ తడిసిపోతుంది. అప్పుడు ఏ లోపమూ లేని యంత్రాన్ని కూడా రైతు మెకానిక్ దగ్గరికి మోసుకుపోవాల్సి వస్తుంది.

అనుమానం ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్ విప్పి చూడాలి. కొన తడిగా మెరుస్తూ పెట్రోలు వాసన కొడితే, ప్లగ్ క్యాప్‌ను దూరంగా ఉంచి, చోక్ తెరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ప్లగ్ లేకుండానే తాడును కొన్నిసార్లు లాగితే లోపల చేరిన పెట్రోలు బయటికి వచ్చేస్తుంది. ప్లగ్‌ను తుడిచి, బాగా ఆరనిచ్చి, తిరిగి బిగించాలి. ఎంత లాగినా ప్లగ్ పొడిగానే ఉంటే మాత్రం ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదన్నమాట. ట్యాంకులోని ఫిల్టర్‌ను, ఆపైన పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను చూడాలి.

వేడిగా ఉన్న ఇంజిన్‌కు సాధారణంగా చోక్ అక్కర్లేదు.

ఇక ఇంధనంలో ఆయిల్ కలపడానికి చెప్పే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. అన్న కొలత 1:50 పాళ్లు (ఒక పాలు ఆయిల్‌కు 50 పాళ్లు పెట్రోలు) సూచించిన యంత్రాలకే వర్తిస్తుంది. 1:25 అని ఉన్నవాటికి 40 మి.లీ. కలపాలి.