జాజ్ ఉత్సవంలో జాజ్ దేనికి?

పెద్ద పెద్ద జాజ్ ఉత్సవాల చరిత్ర శ్రద్ధగా తిరగేశాక నాకొక సంగతి తేలింది. వాటికున్న ఒకే ఒక్క ఇబ్బంది జాజ్. పెళ్ళిలో సన్నాయి మేళం లాంటిదది. లేకపోతే ఊరుకోరు, ఉంటే వినరు.

అమెరికాలో న్యూపోర్ట్ అని సముద్రపు ఒడ్డున కోటీశ్వరుల వేసవి విడిది ఉంది. అక్కడి లోరిలార్డ్ దంపతులకు (పొగాకు సొమ్ముతో పైకొచ్చిన వంశం) వేసవి మరీ బోరు కొట్టింది. బోస్టన్‌లో జాజ్ క్లబ్బు నడిపే జార్జ్ వీన్‌ను పట్టుకుని, 1954లో ఒక టెన్నిస్ క్లబ్బులో కచేరీలు పెట్టించారు. బిల్లీ హాలిడే పాడింది, ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడింది. పొగ పట్టిన క్లబ్బుల సంగీతం పచ్చగడ్డి మీదికి రాగానే పెద్దమనిషైపోయింది.

1956లో మాత్రం పొరపాటున సంగీతం జరిగింది. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెజ్ సాక్సాఫోన్ అందుకుని, బ్లూస్ అనే నల్లజాతి పాటల బాణీ మీద ఏకబిగిన 27 ఆవర్తనాలు వాయించేశాడు. నల్ల గౌనులో ఒకావిడ లేచి చిందులు మొదలెట్టింది, జనం కుర్చీలెక్కారు. గొడవైపోతుందేమోనని వీన్‌కు టెన్షన్. ఆ రికార్డు వింటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది గానీ, పరిశోధకుడన్నవాడు అలాంటివి బయటికి చెప్పుకోకూడదు.

గొడవ 1960లో నిజంగానే అయింది, సంగీతం వల్ల కాదు. లోపలికి చోటు దొరకని కుర్రాళ్ళు బీరు తాగి వీధుల్లో సీసాలు విసిరారు. బాష్పవాయువు ప్రయోగించారు, నేషనల్ గార్డ్ సైనికులు దిగారు, మిగతా కచేరీలు చాలావరకు రద్దయ్యాయి. అప్పుడే అదే ఊళ్ళో, ఉత్సవం వాళ్ళ తీరూ ఇచ్చే డబ్బూ నచ్చక చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ అనే జాజ్ విద్వాంసులు పోటీ ఉత్సవం పెట్టుకున్నారు. అందులో జాజ్ తప్ప ఇంకేమీ లేదు. అంచేత మళ్ళీ జరగలేదు.

స్విట్జర్లాండ్ వాళ్ళు తెలివైనవాళ్ళు. మాంట్రూ ఉత్సవాన్ని 1967లో మొదలుపెట్టిన క్లాడ్ నాబ్స్ ఆ ఊరి టూరిజం ఆఫీసు ఉద్యోగి. సరస్సు, కొండలు, హోటళ్ళు ముందే ఉన్నాయి, జనం రావడానికి ఒక వంక కావాలంతే. ఆ ఉత్సవానికి వేదికైన క్యాసినో 1971 డిసెంబరులో తగలబడింది. ఫ్రాంక్ జప్పా కచేరీలో ఎవడో మహానుభావుడు నిప్పు తుపాకీ పైకి పేల్చాడు. రికార్డింగ్ కోసం వచ్చిన డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వాళ్ళు సరస్సు మీద పొగ చూసి పాట కట్టారు. జాజ్‌కు పేరుపడ్డ ఊరు లోకమంతటికీ తెలిసింది ఒక రాక్ పాటతో!

ఇక అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. జాజ్‌కు పుట్టిల్లు. 1970లో అక్కడ తొలి ఉత్సవం కాంగో స్క్వేర్‌లో పెడితే మహేలియా జాక్సన్, ఎల్లింగ్టన్ అంతటివాళ్ళు వచ్చారు. వినడానికి వచ్చింది సుమారు 350 మంది. వాయించేవాళ్ళే అంతకు రెట్టింపు ఉన్నారట. జాజ్ ఉత్సవంలో జాజ్ పెడితే ఏమవుతుందో వీన్‌కు అక్కడా తెలిసొచ్చింది. ఆ ఉత్సవం నడిపించిందీ ఆయనే మరి.

1972లో ఉత్సవాన్ని గుర్రప్పందాల మైదానానికి మార్చారు. ఇప్పుడు జనం లక్షల్లో వస్తారు. 2024లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం వాళ్ళు వచ్చారు. జాజ్‌ను మరిచిపోలేదు, దానికీ ప్రత్యేకంగా ఒక టెంటు కేటాయించారు. నాకొక్కటే అంతుబట్టదు. అదే మైదానంలో పందేల రోజున మాత్రం ఇప్పటికీ గుర్రాలే పరిగెడతాయి.