మేజీ కాలపు జపాన్ ఫొటోలలోని రంగులు కెమెరా పట్టినవి కావు

"నూట ముప్పై ఏళ్ల కిందటి జపాన్, అసలైన రంగుల్లో" అన్న శీర్షికతో ఒక ఫొటోల వరుస చాలా కాలంగా ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. అందులో ఫూజీ పర్వతం, కమకురా మహాబుద్ధ విగ్రహం, నిక్కోలోని ఎర్ర వంతెన, మియాజిమా దగ్గర సముద్రంలో నిలబడిన తోరణం (జపాన్ దేవాలయాల ముందుండే ద్వారం), చెర్రీ పూల కింద గొడుగు పట్టుకున్న స్త్రీలు, కవచం తొడుక్కున్న సమురాయ్ కనిపిస్తారు. వాటి కింద ఉండే సందేశం కాస్త అటూ ఇటూగా ఇలా సాగుతుంది: ఇవి మేజీ చక్రవర్తి కాలంలో రంగుల కెమెరాతో తీసిన తొలి ఫొటోలు, ఇందులోని ప్రతి రంగూ ఆనాటి నిజమైన రంగే, పాశ్చాత్య గాలి సోకని జపాన్ నిత్యజీవితం ఇదే, ఫొటో తీస్తే ప్రాణం పోతుందని జపనీయులు భయపడినందువల్ల వీటిని యూరోపియన్లే తీశారు, ప్రపంచంలో మిగిలినవి ఈ కొద్దిపాటి ప్రతులే. ఫొటోలు చాలావరకు నిజమైనవే అయినా, వాటి కింద రాసిన మాటలు నిలబడేవి కావు. పైగా ఆ మాటలు కొన్ని వందల మంది పనివాళ్ల శ్రమను ఒక యంత్రం ఖాతాలో వేస్తున్నాయి కాబట్టి వాటిని వరుసగా పరిశీలించడం అవసరమని నేను భావిస్తున్నాను.

ముందుగా రంగుల కెమెరా సంగతి. మేజీ పాలన 1868 నుంచి 1912 వరకు నడిచింది. మూడు రంగుల గాజుల గుండా ఒకే వస్తువును మూడుసార్లు ఫొటో తీసి, వాటిని తెరమీద ఒకదానిపై ఒకటి వేసి రంగులు రప్పించవచ్చని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1861లో ప్రయోగపూర్వకంగా చూపించిన మాట వాస్తవమే. కానీ మామూలు ఫొటోగ్రాఫర్ దుకాణంలో కొనుక్కుని వాడగలిగిన రంగుల ప్లేటు, అంటే లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్, 1907లో గానీ అమ్మకానికి రాలేదు. మనకు పంపుతున్న ఫొటోలలో ఎక్కువ భాగం 1860ల నుంచి 1890ల మధ్య టోక్యో దగ్గరి రేవు పట్టణమైన యొకోహామాలోని స్టూడియోలలో తయారైనవి. ఆ స్టూడియోలు మొదట్లో గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, దాన్ని వెండి లవణంతో కాంతికి స్పందించేలా చేసి, తడి ఆరకముందే ఫొటో తీసేవి. తరువాతి కాలంలో తయారుగా దొరికే పొడి ప్లేట్లు వచ్చాయి. ఆ నెగెటివ్ నుంచి కోడిగుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితం మీదికి ప్రతులు దించేవారు. అలా వచ్చిన ప్రతులు ఎరుపుకు దగ్గరగా ఉండే గోధుమ ఛాయలోనో, ఊదాకు దగ్గరగా ఉండే గోధుమ ఛాయలోనో ఉండేవి. కెమెరా పని అక్కడితో అయిపోయేది. ఆ తరువాత ఆ కాగితం చాప మీద వరుసగా కూర్చున్న చిత్రకారుల ముందుకు వెళ్లేది, వాళ్లు సన్నని కుంచెలతో నీటిరంగులు అద్దేవారు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, ఫొటోలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. నిక్కోలోని షిన్‌క్యో వంతెననే తీసుకుందాం. ఆనాటి ప్లేట్లు నీలి కాంతికి చాలా చురుగ్గా, ఎరుపుకు దాదాపు గుడ్డిగా ఉండేవి. అందువల్ల ఎర్ర లక్క పూసిన ఆ వంతెన నెగెటివ్ నుంచి దించిన ప్రతిలో బాగా నల్లగా వస్తుంది. నల్లటి చోట పలుచని నీటిరంగు వేస్తే కనిపించదు కాబట్టి రంగులద్దేవాడు అక్కడ మాత్రం దట్టమైన ఎరుపు వాడక తప్పదు. దగ్గరగా చూస్తే వంతెన కమ్మీల మీది ఎరుపు కాగితం పైన ఒక పొరలా కూర్చుని ఉండడం, పక్కనున్న చెట్ల మీది ఆకుపచ్చ మాత్రం కాగితంలోకి ఇంకి కింది ఆకుల వివరాలన్నీ కనబడనివ్వడం తెలుస్తుంది. ఒక్కోచోట ఆకుపచ్చ గీత దాటి బండరాయి అంచు మీదికి పాకి ఉంటుంది. ఆకాశం కథ దీనికి పూర్తిగా భిన్నం. నీలం మీద ప్లేటుకు అంత చురుకు ఉండబట్టి ఆకాశం అతిగా వెలుతురు తిని ఖాళీ తెల్ల కాగితంలా మిగిలేది. ఆ ఖాళీలో పైన నీలం మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ పలుచన చేస్తూ, కొండ అంచు దగ్గర లేత గులాబీలోకి దించడం యొకోహామా ప్రతుల్లో పదేపదే కనిపించే పద్ధతి. జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో, అంటే చెక్కిన పలకలతో కాగితం మీద అచ్చువేసే చిత్రాల్లో, ఆకాశాన్ని తీర్చే పద్ధతి సరిగ్గా ఇదే. మేఘాలు లేని అన్ని కొండల మీదా, అన్ని సరస్సుల మీదా ఒకే సూర్యోదయం కనిపిస్తోందంటే ఆ సూర్యుడు స్టూడియోలోనే పుట్టాడని అర్థం.

ప్రతి రంగూ ఆనాటి నిజమైన రంగేనన్న రెండో మాటను మాత్రం ఒక్క వాక్యంలో కొట్టిపారేయలేము, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. రంగులద్దినవారు జపనీయులు. తోరణానికి ఏ ఎరుపు వేస్తారో, పెళ్లికాని పిల్లలు ఎలాంటి కిమోనో కడతారో, టీ తోట ఏ నెలలో ఏ పచ్చగా ఉంటుందో వాళ్లకు కళ్లారా తెలుసు. వీళ్లలో చాలామంది చెక్క అచ్చు బొమ్మల పనిలోనో, సంప్రదాయ చిత్రకళలోనో చెయ్యి తిరిగినవాళ్లు. అడాల్ఫో ఫర్సారి అనే ఇటాలియన్ నడిపిన స్టూడియోలో 1891 నాటికి 32 మంది పనిచేస్తుంటే వారిలో 19 మంది రంగులద్దేవారే. అక్కడ మంచి పనివాడు శ్రద్ధగా చేస్తే రోజుకు రెండు మూడు ప్రతులు మాత్రమే పూర్తయ్యేవి. అంత సమయం తీసుకుని చేసిన పనిలో చూసి తెలుసుకున్న జ్ఞానం తప్పకుండా ఉంటుంది. ఐరోపాలో కూర్చుని, జపాన్ మొహం చూడకుండా రంగులు పులిమిన బొమ్మలకంటే వీటిని నేను ఎంతో ఎక్కువగా నమ్ముతాను.

అయినా "ఇలాంటివి ఈ రంగులో ఉండేవి" అనడం వేరు, "ఆ రోజు ఆమె కట్టుకున్న కిమోనో ఇదే రంగు" అనడం వేరు. ఒకే నెగెటివ్ నుంచి దించిన రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో ఊదా రంగులో ఉన్న కిమోనో మరోదానిలో ఆకుపచ్చగానో బూడిద నీలంగానో ఉండడం ఈ ఫొటోలను పరిశీలించేవారికి బాగా తెలిసిన విషయం. 1896లో బోస్టన్ ప్రచురణకర్త ఒకరు జపాన్ గురించిన బహుసంపుటాల గ్రంథంలో అతికించడానికి యొకోహామాలోని తమమురా కోజబురో అనే జపాన్ ఫొటోగ్రాఫర్ స్టూడియోకు పది లక్షలకు పైగా రంగులద్దిన ప్రతుల కోసం ఆర్డరు ఇచ్చాడు. అన్ని లక్షల కాగితాలు అన్ని చేతుల మీదుగా పోయినప్పుడు ఒక సంపుటంలోని పువ్వు మరో సంపుటంలో అదే రంగులో ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. కాలం చేసే మార్పు దీనికి తోడవుతుంది. తెల్లసొన పొర ఏళ్లు గడిచేకొద్దీ పసుపు పడుతుంది, కొన్ని రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, కొన్ని అలాగే నిలుస్తాయి. కాబట్టి ఈ రోజు స్కాన్ చేసిన బొమ్మలో మనం చూస్తున్న రంగు ఆనాటి వీధి రంగూ కాదు, పూర్తిగా ఆనాటి కుంచె రంగు కూడా కాదు. ఇది చాలదన్నట్టు ఈ మధ్య నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటర్‌తో రంగులు వేయించి ఇదే వరుసలో కలిపి పంపుతున్నారు. నూరేళ్ల కిందటి మనిషి చేతిపనికీ, నిన్న యంత్రం వేసిన అంచనాకూ తేడా చెరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

కొందరు దీన్ని తిరగేసి, ఫొటోలకు రంగులద్దే విద్యే జపాన్‌లో పుట్టిందంటారు, అదీ సరికాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇసెన్‌రింగ్ 1840 ప్రాంతంలోనే లోహపు పలక ఫొటోలకు రంగులద్దాడు. మన దేశంలో ఉదయపూర్ వంటి సంస్థానాల చిత్రకారులు ఫొటో మీద దట్టమైన రంగులు వేసి, అడుగున ఫొటో ఉందని కూడా తెలియనంతగా మార్చేవారు. యొకోహామా వారి గొప్పతనం రంగు కింద ఫొటోను బతకనివ్వడంలో ఉంది.

ఇక "పాశ్చాత్య గాలి సోకని నిత్యజీవితం" అన్న మాట. ఈ ఫొటోలు అసలు పుట్టిందే పాశ్చాత్యుల కోసం. 1859లో యొకోహామా రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది, 1872లో అక్కడి నుంచి టోక్యోలోని షింబాషి దాకా రైలు వచ్చింది. ఓడ దిగిన యాత్రికుడు స్టూడియోలో నమూనాలు చూసి, అంకెల ప్రకారం తనకు నచ్చినవి ఎంచుకుంటే, యాభైయో వందో ప్రతులను లక్క అట్టల ఆల్బమ్‌లో అతికించి ఇచ్చేవారు. ఒక్కో ఫొటో అడుగున తెల్లని అక్షరాలతో ఉండే అంకె, ఇంగ్లీషు పేరు ఆ అమ్మకం కోసం వేసినవే. కొనేవాడు పాత జపాన్ కావాలనుకున్నాడు కాబట్టి ఫ్యాక్టరీలూ సూటు వేసుకున్న గుమస్తాలూ అంతగా కనిపించరు. సమురాయ్ విషయంలో ఇది మరీ స్పష్టం. జుట్టు ముడి తీసేయడానికి, కత్తి లేకుండా తిరగడానికి అనుమతి 1871లో వచ్చింది, 1876లో కత్తులు ధరించడాన్నే ప్రభుత్వం నిషేధించింది. కాబట్టి 1880ల ఆల్బమ్‌లో కవచంతో కత్తి దూస్తున్న మనిషి చాలావరకు కూలి తీసుకుని అద్దె దుస్తులు వేసుకున్న నటుడే. అయితే ఫెలిచే బియాటో అనే యూరోపియన్ ఫొటోగ్రాఫర్ 1860లలో తీసిన ఫొటోల్లో నిజమైన సమురాయ్‌లు ఉన్నారు, అంతర్యుద్ధ కాలపు సత్సుమా సంస్థాన యోధులు వారిలో ఉన్నారు. అన్నింటినీ ఒకే గాటన కట్టకుండా తేదీ చూసుకోవాలి. కుసకబె కింబెయ్ అనే జపాన్ ఫొటోగ్రాఫర్ స్టూడియోలో తయారైన "గాలివాన" ఫొటోలో గొడుగు వంచి, కొంగు ఎగురుతుండగా ఎదురుగాలికి నడుస్తున్న అమ్మాయి కూడా నాలుగు గోడల మధ్య నిలబడి ఉంది. కిమోనో అంచును లాగి పట్టి నిలబెట్టారు, వాన చారలను నెగెటివ్ మీద గీకారు. ఆ కాలపు ప్లేటు మీద నిజమైన వాన చారలు అంత తీరుగా పడే అవకాశమే లేదు.

దృశ్యాల్లో ఉన్నవన్నీ ప్రాచీనమనుకోవడం కూడా పొరపాటే. మియాజిమా దగ్గర ఇప్పుడున్న తోరణం 1875లో కట్టినది, అంటే ఆ ఫొటోలు తీసేనాటికి అది దాదాపు కొత్తది. ఎన్నో ఫొటోల్లో కనిపించే మనిషి లాగే రిక్షా 1870 ప్రాంతంలో టోక్యోలో పుట్టి ఆ తరువాతే ఆసియా అంతటికీ పాకింది. టోక్యోనూ క్యోటోనూ కలిపే పాత తొకాయిదో బాట ఫొటోల్లో దేవదారు చెట్ల వరుస పక్కనే టెలిగ్రాఫ్ స్తంభాలు నిలబడి ఉండడం చూడవచ్చు. నిక్కో వంతెన 1902 వరదలో కొట్టుకుపోయి 1904లో తిరిగి కట్టబడింది కాబట్టి అంతకు ముందరి ఫొటోల్లో ఉన్నది ఇప్పుడు మనం చూసే వంతెన కాదు. టోక్యోలోని అసాకుసాలో 1890లో లేచిన పన్నెండు అంతస్తుల ర్యోఉన్‌కకు గోపురం 1923 భూకంపంలో పోయింది, నగోయా కోట 1945 బాంబుదాడిలో కాలిపోయింది. వాటి విషయంలో ఈ ఫొటోలకున్న విలువ నిజంగా అమూల్యమైనది, అసత్యపు శీర్షిక ఆ విలువకు ఏమీ కలపదు.

ఇక భయపడి జపనీయులు కెమెరా ముట్టలేదన్న మాట. కొందరు సామాన్యుల్లో అలాంటి భయాలు ఉండేవి, కాదనను. కానీ కెమెరా 1848లోనే నాగసాకి చేరింది, 1857లో సత్సుమా ప్రభువు షిమాజు నారియాకిరా తన సొంత ఉద్యోగుల చేత ఫొటో తీయించుకున్నాడు, ఆ లోహపు పలక నేటికీ ఉంది. 1862లో ఉఎనో హికోమా నాగసాకిలో, షిమోఓకా రెంజో యొకోహామాలో స్టూడియోలు తెరిచారు. షిమా ర్యూ అనే మహిళ 1864లో తన భర్తను ఫొటో తీసింది. 1872, 1873 సంవత్సరాల్లో సాక్షాత్తూ మేజీ చక్రవర్తే ఉచిదా కుయిచి కెమెరా ముందు కూర్చున్నాడు. బియాటో వద్ద, ఆస్ట్రియన్ ఫొటోగ్రాఫర్ స్టిల్‌ఫ్రీడ్ వద్ద రంగులద్దుతూ పని నేర్చుకున్న కింబెయ్ తరువాత సొంత స్టూడియో పెట్టి యూరోపియన్లతో పోటీపడి నెగ్గాడు. వీళ్లందరినీ ఒక మూఢనమ్మకం కథ కింద పాతిపెట్టడం అన్యాయం.

అరుదైనవన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క తమమురా ఆర్డరే పది లక్షలు దాటింది. నాగసాకి విశ్వవిద్యాలయ గ్రంథాలయం, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఇలాంటి ఫొటోలను ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో ఉంచాయి. అసలు కష్టం ఏ ఫొటో ఎవరిదో చెప్పడంలో ఉంది. 1858లో లక్నోలో తిరుగుబాటు శిథిలాలను ఫొటోలు తీసి, 1863లో యొకోహామా చేరిన బియాటో స్టూడియో 1866 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ తరువాత కూడబెట్టుకున్న నెగెటివ్‌లను అతడు 1877లో స్టిల్‌ఫ్రీడ్‌కు అమ్మాడు, 1885లో ఆ సరుకు ఫర్సారి చేతికి వచ్చింది, మరుసటి ఏడాదే అతని స్టూడియో కూడా కాలిపోతే అతడు దేశమంతా తిరిగి కొత్తగా ఫొటోలు తీసుకున్నాడు. కొన్ని పాత నెగెటివ్‌లు కింబెయ్ దగ్గరా తేలాయి. ఒకే దృశ్యం మూడు స్టూడియోల పేర్లతో, మూడు రకాల రంగులతో దొరకడానికి కారణం ఇదే. అందువల్ల ఏ ఆధారమూ చూపకుండా బొమ్మ కింద ఒక్క పేరు, ఒక్క సంవత్సరం రాసి పంపేవారి కంటే, "యొకోహామా స్టూడియో, 1880లు కావచ్చు, రంగులు చేతితో అద్దినవి" అని రాసేవారే నిజానికి దగ్గరగా ఉన్నారు.