అడవి పుట్టగొడుగులు తగ్గేది ఏరేవాళ్ల వల్లేనా?

ఏది గుంపుగా కనిపించినా 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అంటాం. రాత్రికి రాత్రి మొలిచి, రెండు రోజుల్లో కుళ్లిపోయేదాని మీద మనకున్న చిన్నచూపంతా ఆ మాటలో ఉంది. అడవిలో రాలిన ఆకుల్ని కాస్త పక్కకు జరిపి చూడండి. మట్టినీ పుల్లల్నీ వేళ్లనీ అల్లుకున్న తెల్లటి పోగులు కనిపిస్తాయి. అసలు జీవి, అంటే శిలీంధ్రం, అదే. పైకొచ్చే గొడుగు దాని కాయ లాంటిది. అమెరికాలోని ఒరెగాన్ అడవిలో ఒకే ఒక్క ఆర్మిల్లేరియా శిలీంధ్రం దాదాపు 9.6 చదరపు కిలోమీటర్లు పాకింది. దాని వయసు 2,000 ఏళ్ల పైమాటేనని అంచనా.

పుట్టగొడుగులు తగ్గాయనగానే ఏరుకునేవాళ్ల మీద పడతాం. నిషేధం పెట్టడమూ సులువే. స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి 2003 దాకా ఒక రక్షిత అడవిలో, ఏరితే నిజంగా తగ్గుతాయా అని పరీక్షించారు. అన్నేళ్లు కోసినా దిగుబడీ తగ్గలేదు, రకాలూ తగ్గలేదు. మనుషులు తిరిగి నేల తొక్కుడుపడ్డ చోట మాత్రం మొలిచేవి తగ్గాయి.

నా దృష్టిలో పెద్ద దెబ్బ తగిలేది నేలకే. చాలా శిలీంధ్రాలు చెట్టు వేళ్లతో కలిసి బతుకుతాయి. చెట్టుకు నత్రజని, భాస్వరం అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి, వాహనాల నుంచి గాల్లో కలిసిన నత్రజని వానతో దిగి ఊరికే దొరుకుతుంటే, చెట్టుకు ఆ బేరంతో పని తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో గత శతాబ్దంలో చాంటరెల్ పుట్టగొడుగులు బాగా తగ్గిపోవడానికి పరిశోధకులు చూపిన కారణాల్లో ఇదొకటి. యూరప్ పచ్చిక బయళ్లలో ఎర్రగా, పచ్చగా మెరిసే వ్యాక్స్‌క్యాప్ పుట్టగొడుగులదీ అదే కథ. ఎరువు చల్లి దున్నితే చాలు, మాయమైపోతాయి.

మంచి ఉద్దేశంతో చేసిన పనీ ఒక్కోసారి చేటు చేస్తుంది. తూర్పు ఆసియా నుంచి పెంపకానికి తెచ్చిన పసుపు రంగు ఆయిస్టర్ పుట్టగొడుగు ఉత్తర అమెరికా అడవుల్లోకి జారిపోయింది. అది పట్టిన ఎండు ఎల్మ్ మానుల మీద మిగతా శిలీంధ్ర రకాలు సుమారు సగమే ఉన్నాయని 2025లో ఒక అధ్యయనం చెప్పింది. చెట్టు చూస్తే నిండుగా పూసినట్టే ఉంటుంది, లోపల వైవిధ్యం ఖాళీ అవుతుంటుంది.

ప్రపంచంలో 25 లక్షల శిలీంధ్ర జాతులు ఉంటాయని అంచనా. పేరు పెట్టినవి లక్షన్నర పైచిలుకే. ఏ జీవులు అంతరించే ముప్పులో ఉన్నాయో చెప్పే అంతర్జాతీయ జాబితా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ 2025 మార్చి నాటికి పరిశీలించినవి సుమారు 1,300. వాటిలో 411 ప్రమాదంలో ఉన్నాయి. పర్యావరణ అనుమతుల్లో శిలీంధ్రాలనూ లెక్కలోకి తీసుకోవాలని చిలీ చట్టం చేసింది. మిగతా చోట్ల ఎక్కువగా చెట్లనీ పక్షుల్నీ లెక్కపెట్టి సంతకం చేసేస్తున్నారు. అడవి కొట్టేసి వేరేచోట మొక్కలు నాటితే లెక్క సరిపోయిందంటున్నారు. ఆ కొత్త మొక్కల వేళ్లకు పాత అడవి మట్టిలోని పోగులు ఎక్కడి నుంచి వస్తాయో ఆ ఫైలులో ఒక్క గడి కూడా ఉండదు.