ఆడమ్ గూడ్స్ విషయంలో లీగ్ మౌనమే పెద్ద తప్పు

ఆడమ్ గూడ్స్ పేరెత్తితే చాలామందికి ముందు 2015లో జరిగిన గొడవే గుర్తొస్తుంది, కానీ అతను ఎంత పెద్ద ఆటగాడో తెలియకపోతే ఆ అన్యాయం సగమే అర్థమవుతుంది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో సిడ్నీ స్వాన్స్ తరఫున 372 మ్యాచ్‌లు, 464 గోల్స్. సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో మెడల్ రెండుసార్లు, 2003లో మరో ఇద్దరితో కలిసి, 2006లో ఒక్కడిగా. 72 ఏళ్ల తర్వాత ఆ క్లబ్ టైటిల్ గెలిచిన 2005 జట్టులో ఉన్నాడు. 2012 ఫైనల్లోనైతే మోకాలి లిగమెంట్ దెబ్బతిన్నా మైదానం వదలకుండా చివరి క్వార్టర్‌లో గోల్ కొట్టాడు.

2013 మేలో ఆదివాసీ ఆటగాళ్ల గౌరవార్థం జరిపే రౌండ్‌లోనే, ఆదివాసీ అయిన గూడ్స్‌ను ఒక 13 ఏళ్ల అమ్మాయి కోతి అని తిట్టింది. అతను సెక్యూరిటీకి చూపించాడు, మర్నాడు మాత్రం ఆ పిల్లను నిందించొద్దని తనే అందరినీ కోరాడు. 2014లో 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' అయ్యాక జాతి వివక్ష గురించి ఇంకా గట్టిగా మాట్లాడాడు, ఆ తర్వాత అతను బంతి పట్టుకుంటే చాలు ప్రేక్షకులు గేలిచేయడం పెరిగిపోయింది. 2015 మేలో గోల్ కొట్టి ఆదివాసీ యుద్ధ నృత్యం చేశాక అది మరీ ముదిరింది.

అతని ఆటతీరు నచ్చకే అరిచాం అన్నారు కొందరు. నేను నమ్మను. పదేళ్లకు పైగా అదే ఆట ఆడినప్పుడు లేని కోపం, అతను నోరు విప్పాకే ఎందుకొచ్చింది?

ప్రేక్షకుల కంటే నాకు ఈ ఆటను నడిపే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ మీదే ఎక్కువ కోపం. మైదానంలో జాతి దూషణను నిషేధిస్తూ 1995లోనే నియమం తెచ్చుకున్న సంస్థ అది. అలాంటిది ఇది జాతి వివక్షే అని గట్టిగా చెప్పడానికి నెలల తరబడి నీళ్లు నమిలింది. చివరికి గూడ్స్ ఒక మ్యాచ్‌కు సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ఓటమి తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో సహచరులకు చెప్పి రిటైరయ్యాడు. 35 ఏళ్లకు ఆట మానేయడం మామూలే, కానీ ఫైనల్ రోజు రిటైరయ్యే ఆటగాళ్లకిచ్చే వీడ్కోలుకు కూడా రాలేదంటే ఎంత విసిగిపోయాడో చూడండి.

2021 జనవరిలో మన హైదరాబాద్ సిరాజ్ దూషణ గురించి ఫిర్యాదు చేసింది స్వాన్స్ సొంత మైదానమైన సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లోనే. అంపైర్లు ఆట ఆపారు, కొందరిని స్టాండ్ నుంచి బయటికి పంపారు, క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. ఆ మాత్రం చర్య గూడ్స్ కోసం ఒక్క మ్యాచ్‌లో తీసుకున్నా కథ వేరేలా ఉండేది.

గూడ్స్‌కు లీగ్, 18 క్లబ్బులూ క్షమాపణ చెప్పింది 2019లో. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరమంటే అతను వద్దన్నాడు. కొందరికది పంతంలా కనిపించింది, నాకు మాత్రం న్యాయంగానే అనిపించింది. ఇప్పుడు అతని శ్రద్ధంతా స్వాన్స్‌లో తన సహచరుడైన మైకేల్ ఓలాఫ్లిన్‌తో కలిసి పెట్టిన గో ఫౌండేషన్ మీద, ఆదివాసీ పిల్లల చదువుల మీద.