యథాతథ స్థితి ఉత్తర్వు గారికి ఓవర్‌మన్ విన్నపం

మహారాజశ్రీ యథాతథ స్థితి ఉత్తర్వు గారి సముఖమునకు,

లీజుదారుకూ తవ్వకం కాంట్రాక్టరుకూ మధ్య కేసు తేలేదాకా గనిని ఉన్నది ఉన్నట్టే ఉంచాలని కోర్టు పుట్టించిన తమరి సంరక్షణలో, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న ఒక భూగర్భ బొగ్గు గని నుంచి, సింగరేణిలో రిటైరై మళ్ళీ ఇంత దూరం ఉద్యోగానికి వచ్చిన ఓవర్‌మన్, అంటే షిఫ్టులో గని లోపలి పనులు చూసుకునేవాడు, నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని ఈ రోజు కోర్టులో కళ్ళారా చూశాను.

పొద్దున్నుంచి హాలు బయట బల్ల మీద కూర్చుంటే భోజనాల వేళకు కేసు పిలిచారు. ఒక వకీలు గారు కౌంటరు, అంటే జవాబు, వేయడానికి గడువు అడిగారు. రెండో వకీలు గారు తమకు అభ్యంతరం లేదన్నారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నా ఒప్పుకోని ఆ ఇద్దరూ వాయిదా అనగానే ఇట్టే ఏకమయ్యారు. వేసవి సెలవుల తర్వాతకు వేసి, అంతవరకు తమరే కొనసాగాలని సెలవిచ్చారు. పంపు మోటారు కాలిపోయిందని చెప్పుకుందామని వెళ్ళినవాణ్ణి, చెప్పే అవకాశమే రాలేదు. అయినా నేను కక్షిదారును కాను కదా, గని లోపలికి దిగేవాణ్ణి మాత్రమే.

ఇంతకీ ఏ స్థితిని ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారో తమరు ఒక్కసారి దిగి చూస్తారా? తమరు పుట్టిన రోజున నీళ్ళు అడుగున నీరు చేరే గుంటలో, అదే సంపులో ఉండేవి. ఇప్పుడు మూడో లెవెల్‌లో ఉన్నాయి. కప్పు మోయడానికి తవ్వకుండా వదిలిన బొగ్గు పిల్లర్ల పక్కలు పొరలు పొరలుగా రాలుతున్నాయి. కప్పు కింద పెట్టిన కర్రలు నానిపోయాయి. బొగ్గు తీయడం ఆగిందని నేల ఊరడం మానేయదు, గ్యాసు చేరడం మానేయదు. గనిని ఉన్నచోట ఉంచాలంటే రాత్రింబవళ్ళు పంపు తిరగాలి, ఫ్యాను తిరగాలి, ఎవరో ఒకరు దిగి చూసి రావాలి. అంటే కరెంటు కావాలి. కరెంటుకు బిల్లు వస్తుంది.

ఆ బిల్లు దగ్గరే తమరి మహిమ బయటపడింది.

కోర్టులో లీజుదారు గారి ప్రమాణ పత్రం చదివాను. లీజు మా పేరున ఉంది, తవ్వకం కాంట్రాక్టు రద్దు చేశాం, గని నిరాటంకంగా మా స్వాధీనంలోనే ఉంది అన్నారు. కాంట్రాక్టరు గారిదీ చదివాను. రద్దు చెల్లదు, యంత్రాలు మావి, మనుషులు మావాళ్ళు, గని నిరాటంకంగా మా స్వాధీనంలోనే ఉంది అన్నారు. రెండు కాగితాలూ నోటరీ ముద్రతో ఎంతో ముచ్చటగా ఉన్నాయి. కరెంటు బిల్లు పట్టుకుని లీజుదారు గారి ఆఫీసుకు వెళ్తే, "గని వాళ్ళ చేతిలో ఉంది కదా, వాళ్ళనే అడగండి" అన్నారు. కాంట్రాక్టరు గారి సైటు ఆఫీసుకు వెళ్తే, "లీజు వాళ్ళది కదా, వాళ్ళనే అడగండి" అన్నారు. జడ్జి గారి ముందు గని ఇద్దరిదీ, పంపు ముందు ఎవరిదీ కాదు. అన్నదమ్ములు వాటాల తగాదాలో పడిన ఇంట్లో బావి పూడిక ఎవరు తీయిస్తారో, ఇక్కడ నీళ్ళూ వాళ్ళే తోడిస్తారు.

తమరి పూర్వులు ఇలా ఉండేవారు కారు. 1973 జనవరి 30న ఆర్డినెన్సు తెచ్చి ప్రైవేటు బొగ్గు గనుల నిర్వహణను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నప్పుడు, నడిపించడానికి కస్టోడియన్లు, అంటే ప్రభుత్వం తరఫు బాధ్యులు, ఉండాలన్న ఏర్పాటు కూడా చేసింది. యజమానులు కోర్టులకు వెళ్తే వెళ్ళారు, మే 1న జాతీయం చేసేదాకా గనికి ఒక బాధ్యుడంటూ ఉన్నాడు. 2014 మాటే తీసుకోండి. ఆగస్టు 25న బొగ్గు బ్లాకుల కేటాయింపులు చట్టవిరుద్ధమని చెప్పిన సుప్రీంకోర్టు, సెప్టెంబరు 24కల్లా 218 బ్లాకుల్లో 214 రద్దు చేసింది. అంత కోపంలో కూడా ఒక సంగతి మరచిపోలేదు. బొగ్గు తీస్తున్నవీ, తీయడానికి సిద్ధంగా ఉన్నవీ కలిపి 42 గనులకు 2015 మార్చి 31 వరకు గడువిచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టంలో కొత్తవాళ్ళు వచ్చేలోపు గని చూసుకోవడానికి మళ్ళీ కస్టోడియన్ ఉన్నాడు. దేశంలో అంత పెద్ద రద్దు జరిగినప్పుడే తేదీ ఉంది, మనిషి ఉన్నాడు. తమరిలో రెండూ లేవు. "ఉభయ పక్షాలూ" అన్నారు, అంతే. ఉభయ పక్షాలకూ పంపు ఆన్ చేసే చెయ్యి ఒక్కటీ లేదు.

నీళ్ళంటే నాకెందుకింత చాదస్తమని తమరు అనుకోవచ్చు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలో పాత పనుల్లో, అంటే తవ్వి వదిలేసిన చోట్ల, నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. మా గోదావరిఖనిలో 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఇలాంటివి జరగకూడదనే నీళ్ళున్న పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే ముందుగా బోరు వేసి చూడకుండా అడుగు ముందుకు వేయకూడదని నిబంధన పెట్టారు. ఈ గనికి పక్కనే ఇంకో గని ఉంది. వాళ్ళకు మన కేసు నంబరు తెలియదు. మన నీటి మట్టం కూడా తెలియదు. తమరి నకలు ఆ గనికి పంపారా?

షిఫ్టు రిపోర్టులో రోజూ నీటి మట్టం రాస్తున్నాను. కింద సంతకం చేయాల్సిన మేనేజరు గారు ఎప్పుడో రాజీనామా చేసి వెళ్ళిపోయారు. గనుల చట్టం ప్రకారం ప్రతి గనికీ ఒక మేనేజరు ఉండాలి, ఆయన్ను నియమించడానికి ఒక యజమాని ఉండాలి. యజమాని ఎవరో తేలేది తమరి తదనంతరం.

పైన సంగతులు కూడా మనవి చేసుకుంటాను. గేటుకు రెండు తాళాలు, ఇద్దరు వాచ్‌మెన్లు. ఒకరు తీస్తే రెండో ఆయన ఫోన్లో ఫోటో తీస్తాడు. అడ్వకేట్ కమిషనర్ గారు తెల్ల బూట్లతో వచ్చి, గనిలోకి దిగే ఏటవాలు దారి, ఇంక్లైన్ మొదట్లో నిలబడి, లిఫ్టు లేదా అని అడిగి, అంతా సవ్యంగా ఉందని రాసుకుని వెళ్ళారు. జీతాల ఊసు ఎత్తను, అదీ యథాతథమే.

ఇక బొగ్గు కుప్ప. కేసు తేలేదాకా ఒక్క పెళ్ళ కూడా కదపరాదన్నారు. మాటకు కట్టుబడి ఎవరూ కదపలేదు, సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు తప్ప. తీసిన బొగ్గు గాలి తగిలి లోలోపల వేడెక్కుతుందని, తొక్కించి అణచకపోయినా, తీసి పంపకపోయినా దానంతటదే రాజుకుంటుందని పంపు ఖలాసీకి కూడా తెలుసు. ఝరియాలో 1916లో అంటుకున్న మంట ఈనాటికీ పూర్తిగా ఆరలేదు. మన కుప్ప పడమటి వైపు నుంచి పొగ వస్తోంది. ఈ కుప్ప ఎవరిదని ఇద్దరూ లక్షలు పోసి వాదిస్తుంటే, ఆస్తి మాత్రం గాలిలో కలిసిపోతోంది. గెలిచినవారికి బూడిద అప్పగించినా తమరి ప్రకారం స్వాధీనం అప్పగించినట్టే కాబోలు!

తమరు చేసిన మేలు మరవను. మొదట్లో రెండు వైపులా కర్రలు పట్టుకుని గేటు దగ్గర చేరినప్పుడు, తమరి కాగితం చూపించాకే పోలీసులు వాళ్ళను విడదీశారు. ఆ రోజు తలలు పగలలేదంటే తమరి పుణ్యమే. అది వారం రోజుల మందు. దాన్ని ఏళ్ళ తరబడి మింగించమని ఎవరు చెప్పారండీ?

ఒక్క వాక్యం రాయడానికి ఏమైంది? తీర్పు వచ్చేదాకా పంపులూ ఫ్యానూ ఫలానావారు నడపాలి, ఖర్చు లెక్క రాసుకోవాలి, ఓడినవారు చెల్లించాలి. లేదంటే తగాదా ఆస్తిని కోర్టు తరఫున చూసుకునే రిసీవరును వేయండి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో నలభయ్యో ఆర్డరు ఉన్నదే అందుకు. రిసీవరును ఇద్దరిలో ఒక్కరూ ఎందుకు అడగడం లేదో నాకు తెలుసు, తమరికీ తెలుసు. ఆయన వస్తే మొదట అడిగేది డబ్బు. గని మునిగితే మునగనీ, అవతలివాడికి దక్కకపోతే చాలన్న పంతానికి తమరు గొడుగు పడుతున్నారు. మా పిల్లలు దిగే గనులు పక్కనే ఉన్నాయి. సిగ్గుగా లేదా?

క్షమించాలి, మాట తూలింది. మోటారు వైండింగ్‌కు బజారులో ఇచ్చి వచ్చాను. బిల్లు ఎవరి పేరున రాయాలని షాపతను అడిగాడు. తమరి పేరే చెప్పాను, నంబరుతో సహా రాసుకున్నాడు. మోటారు సోమవారానికి అవుతుందట, డబ్బు కట్టి తీసుకెళ్ళమన్నాడు.

ఇట్లు,
మూడో లెవెల్ పైన నిలబడి ఉన్న ఓవర్‌మన్