వంటింటి గోడ మీది చర్చి క్యాలెండరు గారికి

సికింద్రాబాద్

క్యాలెండరు గారూ,

నమస్కారం. పైన మరియతల్లి బొమ్మ, కింద పన్నెండు కాగితాలు, నెత్తిన రేకు ముక్క. చూడ్డానికి ఇంతే అయినా మీ హోదా మామూలుది కాదు. క్యాథలిక్ ఇంట్లో మాత్ర పాపం, నిరోధ్ పాపం, కాపర్-టీ పాపం, ఆపరేషన్ పాపం. పిల్లలు పుట్టకుండా తేదీలు లెక్కపెట్టుకుని దూరంగా ఉండటానికి పనికొచ్చే మీరు మాత్రం పుణ్యాత్ములు. ఆరో పాల్ పోపు గారు 1968 జూలై 25న రాసిన 'హుమానే వితే' అనే లేఖ పద్నాలుగో పేరాలో వాటన్నిటినీ వద్దన్నారు, పదహారో పేరాలో మీకు సరేనన్నారు. మాత్రలకు ఒప్పుకోవచ్చని, ఈ సంగతి తేల్చడానికి పోపు గారి దగ్గరున్న కమిషన్‌లో ఎక్కువమంది 1966లోనే చెప్పారు గానీ, వాళ్ల మాట వినేదెవరు?

మీతో కాపురం ఇలా. కనీసం ఆరు నెలసరులు మొదలైన తేదీలు చుట్టాలి. నెలసరికీ నెలసరికీ మధ్య అన్నిటికన్నా చిన్న అంతరంలోంచి 18, పెద్ద అంతరంలోంచి 11 తీసేయాలి. 26, 32 రోజులైతే నెలసరి మొదలైన ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా దూరం. 24, 35 అయితే ఆరు నుంచి ఇరవై నాలుగు దాకా, పంతొమ్మిది రోజులు! నెలసరి రోజులు కూడా పోతే భార్యాభర్తలకు మిగిలేవి పండగల కన్నా తక్కువ.

పైగా అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. అంటే ఇంకా రాని తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టాలి. ఆ తేదీ మీ మీద అచ్చయి ఉండదు. చంటిపిల్లకు పాలిస్తున్నా, నెలసరి తప్పించే పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నా లెక్క గల్లంతే. తోడుగా థర్మామీటరు పెట్టుకోమంటారు. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, రోజూ అదే టైముకి. ఒంటి వేడి పెరిగేది అర డిగ్రీ సెల్సియస్ లోపే, అదీ అండం విడుదలయ్యాకే. గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు చేసి ఏడింటికి క్యాబ్ దిగే అమ్మాయికి తెల్లారేదెప్పుడో థర్మామీటరుకు ఎవరు చెప్పాలి?

అసలు చిక్కు మీ గళ్లలోనే ఉంది. సిలిండర్ బుక్ చేసిన రోజుకూ సున్నాయే, పాలు రాని రోజుకూ సున్నాయే, నెలసరికీ సున్నాయే. పదమూడో తేదీ సున్నా అత్తగారికి అర లీటరు, కోడలికి కాన్పు. ఇక ఆమె మొగుడు చూసేది ఎర్ర అంకెలే, సెలవు ఉందా లేదా అని.

మీతో వేగలేక ఐర్లండు ఆడవాళ్లు 1971 మే 22న డబ్లిన్ నుంచి రైలెక్కి సరిహద్దు అవతలి బెల్‌ఫాస్ట్ వెళ్లారు. తమ దేశంలో గర్భనిరోధకాలు అమ్మడం 1935 నుంచీ నేరం మరి. డాక్టరు చీటీ లేనిదే మాత్రలు ఇవ్వనంటే ఆస్పిరిన్లు కొనుక్కొచ్చి కస్టమ్స్ వాళ్ల ముందు ఊపారు. వాళ్లకు తేడా తెలిస్తేగా! ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో 2000లో మేయరు ఉత్తర్వుతో నగర దవాఖానాల్లో మాత్రలు ఆగిపోయాయి. డబ్బున్నవాళ్లు మందుల షాపుకు వెళ్లారు, బస్తీ ఆడవాళ్లకు మీరు మిగిలారు.

మన దగ్గర రెండో కాన్పుతోనే ఆపరేషన్ అయిపోవడం మామూలే. కోత పడేదీ ఆమెకే, ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వరసలో నిలబడేదీ ఆమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో తామే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 37.9 శాతం, మొగుడు చేయించుకున్నవాళ్లు 0.3.

డిసెంబరు 31న మిమ్మల్ని దించేస్తారు. గర్భనిరోధకాలను ఖండిస్తూ పదకొండో పయస్ పోపు గారు 1930లో లేఖ రాసిందీ ఆ తేదీనే. దించేముందు జూలై నుంచి చుట్టిన తేదీలన్నీ కొత్త క్యాలెండరు మీదికి ఎక్కించుకోవాలి. మరిచిపోయి మీ కాగితాలు పెద్దాడి లెక్కల పుస్తకానికి అట్ట వేశారో, మళ్లీ ఆరు నెలసరులు ఆగాలి.

ఇట్లు,
మీ పక్క మేకుకు వేలాడే గ్యాసు పుస్తకం